మబ్బు మొక్కకి గుప్పెడు యూరియా

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక మొక్క మట్టి లేకుండా బతికింది. ఈ మాట చెబితే మా బ్రాడీపేట అపార్ట్‌మెంటులో సగంమంది ఇప్పటికీ నవ్వుతారు. నవ్వనివ్వండి. దాన్ని దాదాపు చంపినదాన్ని నేనే కాబట్టి, అది ఎలా బతికిందో నాకు తెలిసినంతగా వాళ్ళకేం తెలుస్తుంది?

మాది వినుకొండ దగ్గర పల్లె. మా చిన్నాన్న ఎండు మిరపకాయలు లారీకెత్తుకుని కేరళ దాకా వెళ్ళేవాడు. ఒకసారి తిరిగొస్తూ, తడి గోనెపట్టాలో చుట్టి, దళసరి ఆకుల చిన్న మొక్కని తెచ్చాడు. అక్కడి కొండల్లో మబ్బులు చెట్ల మధ్యే తిరుగుతాయట. ఈ పొద నేల మీద కాకుండా పెద్ద చెట్ల కొమ్మల మీద, నాచులో వేళ్ళు పెట్టుకుని పెరుగుతుందట. గులాబీరంగు పూలు గుత్తులుగా కిందికి వేలాడతాయట. అడవంతా తిరిగినా ఎక్కడో ఒకటి తప్ప కనిపించదట. ఆ 'అట'లన్నీ ఓపిగ్గా విని, మా నాయనమ్మ దీన్ని మనింట్లో పూయిస్తానంది.

"ఏం పిన్నీ, మన ఎండకి మిరపే తల వాలుస్తుంటే ఇది బతుకుద్దా?" అని ఎగతాళి చేశాడు పక్కింటి మావయ్య.

"పూసిన రోజు నిన్నే పిలుస్తాలేరా, కళ్ళు తుడుచుకుని రా" అంది నాయనమ్మ.

వేళ్ళకి కొబ్బరిపీచు చుట్టి, ఉత్తరపు వసారాలో మంచినీళ్ళ కుండల పైన వేలాడదీసింది. చుట్టూ గోనెపట్టా కట్టి పూటపూటకీ తడిపేది. నాకు మాత్రం దాన్ని చూస్తే జాలేసేది. నల్లరేగడి ఇంటి చుట్టూ ఉండగా, పాపం దానికి పిడికెడు మట్టి కూడా పెట్టకపోవడమేమిటి? రైతు ఇంట్లో పుట్టినదాన్ని. పైరు నీరసపడితే ఏం చెయ్యాలో నాకొకరు చెప్పాలా?

ఒక మధ్యాహ్నం నాయనమ్మ కల్లంలో కాయలు తిరగేస్తుంటే, కుండీ నిండా రేగడి, పశువుల ఎరువు నింపి ఆ మొక్కని నాటేశాను. నాన్న పత్తికి తెచ్చిన బస్తాలోంచి గుప్పెడు యూరియా కూడా వేసి, నీళ్ళు దట్టంగా పోశాను. సాయంత్రం అందరికీ గొప్పగా చూపించాను. నాయనమ్మ చూసీ చూడగానే దాన్ని పైకి లాగి కడిగింది గానీ, అప్పటికే ఆలస్యమైంది. నాలుగు రోజుల్లో ఆకుల అంచులు మాడాయి, వేళ్ళు కుళ్ళాయి. పాడైనదంతా కోసెయ్యగా జానెడు కొమ్మ మిగిలింది.

వీపు చిట్లుతుందనుకున్నాను. అదేమీ లేదు. నాయనమ్మ నన్ను అన్నానికి కూర్చోబెట్టి, నెయ్యి చుక్క వెయ్యకుండా, ఎర్రగా పండుమిరప పచ్చడి కలిపి పెద్ద ముద్ద చేతిలో పెట్టింది. ఇదేదో పరీక్షని అర్థమైంది. ఓడిపోవడం నాకు అప్పుడూ చేతకాదు. ముద్దంతా తిన్నాను.

"ఎట్లా ఉందే?"

"బాగానే ఉంది" అన్నాను, కళ్ళూ ముక్కూ ఏకమై కారుతుండగా.

"నువ్వు ఈ నేల పిల్లవి, ఏడుస్తూ అయినా తింటావ్. మబ్బుల్లోంచి వచ్చిన పసిదానికి ఇదే ముద్ద పెడితేనో? నీకు బలమైంది దానికీ బలమేనా? దాన్నొక మాట అడిగావా?"

"మొక్కని ఎట్లా అడుగుతారే?" వాదన మానితే నేనెందుకవుతాను!

"చూసి" అంది నాయనమ్మ. "రోజూ కళ్ళుపెట్టి చూస్తే అదే చెబుద్ది." ఆ జానెడు కొమ్మని కొత్త పీచులో చుట్టి, చెంబు నా చేతిలో పెట్టింది. "ఇంక నువ్వే చూడు."

తిట్టినా బాగుండేది. చంపబోయినదాని చేతికే ఇచ్చాక ఇంక తప్పించుకునే దారేది? రోహిణి కార్తెలో వడగాలికి గోనెపట్టా గంటకే ఎండిపోయేది. సెలవులకి అమ్మమ్మ ఊరు పంపుతామంటే వెళ్ళనని మొండికేశాను. ఆకు ముడుచుకుంటే నీడ చాలలేదని, వేరు కొస నల్లబడితే తడి ఎక్కువైందని మెల్లగా తెలిసొచ్చింది. వానలు పడ్డాక గోరంత చిగురు కనిపించింది. ఊరంతా వినబడేలా అరిచాను.

మూడో ఏడు చలికాలంలో ఒకే ఒక్క గుత్తి పూసింది. నాయనమ్మ మాట తప్పే మనిషి కాదు. పక్కింటి మావయ్యని పిలిపించింది. ఆయన కళ్ళు నులుముకుని పూలకేసి చూసి, "కొమ్మ ఒకటి మాకూ ఇవ్వు పిన్నీ" అన్నాడు.

"నన్నడుగుతావేంరా, మొక్క దానిది" అంటూ నన్ను చూపించింది.

దాని పేరు మెడినిల్లా అని కాలేజీలో బోటనీ చదివేటప్పుడు తెలిసింది. ఆ జానెడు కొమ్మకి పుట్టిన కొమ్మే ఇప్పుడు మా బాల్కనీలో, తడి గోనెపట్టా మధ్య వేలాడుతోంది. నా నోరు ఎలాంటిదో తెలిసినవాళ్ళు నమ్మరుగానీ, ఎవరికైనా మంచి చెయ్యబోతున్నానని నాకు మరీ గట్టిగా అనిపించినప్పుడల్లా ఆ పండుమిరప ముద్ద నాలుక మీద భగ్గుమంటుంది. ఆగి, ముందు ఎదుటివాళ్ళ ముఖం చూస్తాను. చూశాక కూడా సలహా ఇచ్చేస్తాననుకోండి. కాకపోతే, గుప్పెడు కాదు, చిటికెడు.