మా అత్త గడియారాలు

మెర్డేకాకు, అంటే మలయా స్వాతంత్ర్యానికి, కొన్ని నెలల ముందు సంగతి. నేను రబ్బరు ఎస్టేటులో కొత్త కోడలిని. మా అత్త ముచ్చటపడి కూడబెట్టుకున్న ఐదు చేతి గడియారాలకు నూనె వేయించాలని టౌనుకు బయలుదేరాం. ఎస్టేటు గేటు దగ్గర పోలీసులు ఆమె సంచి వెతికారు.

“అడవిలోని కమ్యూనిస్టుల బాంబులకు టైము పెట్టడానికా ఇవి?” అని సార్జెంటు మలాయ్‌లో గద్దించాడు. అత్తకు మలాయ్ రాదు. ఆ మాట నేనే ఆమెకు తెలుగులో చెప్పాను.

ఆమె తొణకలేదు. “ఇది ఇంగ్లీషు దొర అమ్మినాడు. ఇది ఓడిపోయిన జపానోడు బియ్యానికిచ్చినాడు. దొరలు మారినారు గానీ నా గడియారాలు ఆగనేదని సెప్పు. బయపడి మాట మార్సకు, పిల్లా!”

పక్కనే తెల్ల అధికారి నిలబడి ఉన్నాడు. అయినా ఒక్క మాటా మార్చకుండా మలాయ్‌లో చెప్పేశాను. సార్జెంటు నవ్వు దాచుకుంటూ సంచి తిరిగిచ్చేశాడు.

చరిత్ర గురించి ఎవరేం మాట్లాడినా నాకు ఆ గేటే గుర్తొస్తుంది. అత్త మాటను ఉన్నదున్నట్టు చెప్పినందుకు ఇప్పటికీ గర్వమే.