నా గొంతు పోయింది, నా చోట కోడలు నిలబడింది

ఆ ఆదివారం మా చర్చి మందిరంలో బైబిల్ వాక్యం చెప్తుండగా నడుమల నా గొంతు ఆగిపోయింది. నోరు ఆడుతున్నది, మాట వస్తలేదు. ముందు కూసున్న ఆడోళ్లు నేను ఏడుస్తున్ననుకొని వాళ్లూ కొంగులతో కళ్లు తుడుచుకున్నరు.

మాది నర్సంపేట దగ్గరి పల్లె. కూలికి పోయే నలుగురు ఆడోళ్లతో మా వాకిట్ల స్త్రీల ప్రార్థన కూడిక మొదలుపెట్టింది నేనే. మంది పెరిగినంక మందిరానికి మారింది. చదివింది మూడో తరగతి. అందుకే వాక్యం నా కోడలు కరుణ చదివేది. నేను "చదువు బిడ్డా" అంటే ఒక్క వచనం చదివి ఆగేది. దాని అర్థం నేను చెప్పేదాన్ని. మళ్ల "చదువు" అనేదాక నోరు మూసుకొని నిలబడేది. ఇట్ల ఏండ్లు గడిచినయ్. మైకు కొందామని పాస్టరయ్య ఎన్నిసార్లు అన్నా నేను వద్దన్న. గొంతు ఉండంగ అదొక దండుగ అనుకున్న. బయట చెప్పుల కాడ కూసున్నోళ్లకు కూడా వినబడాలని అరిచి చెప్పేదాన్ని.

ఆ ఆదివారానికి ముందునుంచే గొంతు బొంగురుపోతే, మొదట మిర్చి ఘాటు అనుకున్న. మిరపకాయ ఏరి, బస్తాలతోని ఎనుమాముల మార్కెట్‌కు పోయొచ్చిన రోజులవి. మిరియాల కషాయం తాగిన. ఊళ్లె ఆర్‌ఎంపీ ఇచ్చిన గోలీలు మింగిన. తగ్గలేదు. ఆదివారం జరిగింది చూసి కొడుకు గదిమిండు: "ఇంకెన్ని కషాయాలు తాగుతవే అమ్మా? దవాఖానకు నడువు."

వరంగల్‌ల ఈఎన్‌టీ డాక్టరమ్మ ముక్కుల నుంచి సన్నటి కెమెరా పైపు పంపి చూసింది. లారింగోస్కోపీ అంటరట. కళ్ల నీళ్లు ధారగట్టినయ్. టీవీల చూపిస్తూ చెప్పింది: "ఇదిగో అమ్మా, మాట పలికించే తీగ, వోకల్ కార్డ్ మీద పాలిప్ ఉంది, చిన్న కండ. తీసి పరీక్షకు, బయాప్సీకి పంపాలి."

"క్యాన్సరా మేడం?" అన్నడు కొడుకు.

"అలా అనిపించడం లేదు. కానీ రిపోర్ట్ రాకుండా నేనేమీ చెప్పను."

నాకు చావు యాదికి రాలేదు. స్త్రీల సభ యాదికొచ్చింది. చుట్టుపక్కల పల్లెల ఆడోళ్లంతా వచ్చే సభ. ఏటా అక్కడ వాక్యం నాదే. "సభ నాటికి గొంతు వస్తదా అమ్మా?" అని అడిగిన.

"ఆపరేషన్ అయ్యాక వాయిస్ రెస్ట్ సరిగ్గా పాటిస్తే రావచ్చు. ఒక్క మాట మాట్లాడొద్దు. గుసగుస కూడా వద్దు, అది ఇంకా స్ట్రెయిన్."

జనరల్ అనస్తీషియా ఇచ్చి పాలిప్ తీసిండ్రు. బయాప్సీ రిపోర్ట్ బినైన్ అని వచ్చింది, భయం లేదన్నరు. ఇంటికొచ్చి మనుమరాలి పలక, బలపం పట్టుకొని కూసున్న. ఏం కావాలన్నా దాని మీద రాసుడే.

కూడికల నా బదులు కరుణను చెప్పమన్నడు పాస్టరయ్య. వారం తిరగకుండనే పక్కింటి రాజమ్మ వచ్చి మంచం మీద కూలబడ్డది. "వదినా, నీ కోడలు ఎంత మంచిగ చెప్తాందే! మైకు కూడా పెట్టిండ్రు. ఇప్పుడు మాకు చెవులు గింగురుమంటలేవు."

"మైకు ఎవరు తెచ్చిండ్రు?" అని పలక మీద రాసిన. రాజమ్మకు చదువు రాదు. నవ్వుకుంట పోయింది.

ఆ దినం నుంచి నేను ఇంటి వెనక్కు పోయి, తలమీద కొంగు కప్పుకొని ప్రార్థన మొదలుపెట్టిన. పెదవుల మీదనే, గుసగుసగా, గంటలు గంటలు. దేవునితో మాట్లాడేది మాట కిందికి రాదనుకున్న. సభకు గొంతు రావాలె అని అడిగిన. రాకపోతే ఆ దినం కరుణకు జలుబన్నా చెయ్యాలె అని కూడా అడిగిన.

కరుణ విన్నది. "అత్తమ్మా, గుసగుస కూడా వద్దన్నది కదా డాక్టరమ్మ?"

"నాకు దేవునికి నడుమ నువ్వెవరు?" అని రాసి పలక దాని ముందట పెట్టిన. చదివి, పలక తుడిచి నా చేతికే ఇచ్చింది.

మళ్ల చూపించుకోవటానికి పోతే డాక్టరమ్మ మొహం మాడ్చింది. "ఇంత వాపేంటి? మాట్లాడుతున్నారా?" లేదని తల ఊపిన. కరుణ పక్కనే ఉన్నది. నేల చూసుకుంట నిలబడ్డది తప్ప ఒక్క మాట అనలేదు. అది చెప్పినా బాగుండేది, తిట్టేదాన్ని. ఆఖరికి నేనే "ప్రార్థన" అని రాసిన.

"ఎవరితో మాట్లాడినా కార్డ్స్ ఒకదానికొకటి రాసుకుంటాయమ్మా. ఈసారి సభ మర్చిపోండి. రెస్ట్ మళ్ళీ మొదటినుంచి."

సభకు పోయి ముందు వరుసల కూసున్న. నా చోట నిలబడి వాక్యం చెప్పుకుంట కరుణ పత్తి కాయ సంగతి తీసింది. పగలని కాయను గోటితోని చీరితే పత్తి పచ్చిగ వస్తది, ఎండ తగిలి అదే పగలాలె, మనిషి మనసు కూడా అంతే అని. ఆ మాట నాది. చేన్ల పత్తి ఏరుకుంట నాకు తట్టింది. లేచి పోదామని కొంగు సర్దుకున్న. అప్పుడే మైకుల అన్నది: "ఈ మాట మా అత్తమ్మది. నేను మోసుకొచ్చిన అంతే." ఆడోళ్లంతా వెక్కి వెక్కి ఏడ్చిండ్రు. దొంగతనం చేసినా తట్టుకునేదాన్నేమో. నా మాట నాకే అప్పజెప్పినంక ఇంక ఏమని తిట్టాలె?

స్పీచ్ థెరపీకి పోంగ పోంగ గొంతు వచ్చింది, సన్నగ. అరవొద్దు, మైకులో కొద్దిసేపే అన్నది డాక్టరమ్మ. స్త్రీల కూడిక కరుణకు అప్పజెప్పిండు పాస్టరయ్య. నన్ను పిలిచి, "నువ్వు వాక్యం చదువమ్మా" అన్నడు. పలక మీద రాసీ రాసీ అక్షరం నాకు పట్టుబడ్డది.

ఇప్పుడు కరుణ "చదువుండ్రి అత్తమ్మా" అంటది. నేను వేలు పెట్టుకొని, ఒక్కో అక్షరం నింపాదిగ చదువుత. నేను ముగించేదాక అది నోరు తెరవొద్దు. ఇంకొంచెం జల్ది చదవొచ్చు నేను. చదవను.

ఇది చదివేటోళ్లకు నేను చెప్పేది ఒక్కటే. గొంతు మూడు వారాలకు మించి బొంగురుగ ఉంటే కషాయాలతో కాలం గడపకుండ్రి, ఈఎన్‌టీకి చూపించుకోండ్రి. రెస్ట్ అన్నరంటే గుసగుస కూడా పెట్టొద్దు. ప్రార్థన మనసుల చేసుకుంటే చాలు, దేవునికి వినబడుతది. నాది విన్నడు, విని పక్కన పెట్టిండు కాబట్టే, సభ దినం కరుణకు జలుబు చెయ్యలేదు.