కరెంటు లేని టోపీ

ఆ రోజు భీమడోలు స్టేషనులో, బెంచీ మీద పక్కన కూర్చున్న పెద్దాయనకు ఆసుపత్రి ఉత్తరం ఇచ్చి చదివిపెట్టమన్నాను. అమ్మ ఇంట్లో బైబిలు ముందు పెట్టుకుని నేర్పిన తెలుగే తప్ప నాకు ఇంగ్లీషు రాదు.

"పక్షవాతం వచ్చాక నడక కోసం తలకి కరెంటు పెట్టించుకున్నారాండీ?"

"అవునండీ. టోపీ పెట్టి, ఆరు వారాలు ఎక్సర్‌సైజులు చేయించారు. దేవుని దయవల్ల కర్ర వదిలేశాను. చర్చిలో ఆ కరెంటు గురించి సాక్ష్యం కూడా చెప్పానండీ."

ఆయన మళ్ళీ చదివి, కళ్ళజోడు తీశారు. "ఇది పరిశోధనంటండి. కరెంటుతో తేడా ఉంటుందో లేదో చూడ్డానికి సగం మందికి ఇవ్వలేదంటండి. మీరు ఆ సగంలో ఉన్నారమ్మా."

"చీమలు పాకినట్టు ఉండేదండీ!"

"మొదట కాసేపు ఇచ్చి ఆపేసేవారట. మీరు సంతకం పెట్టిన కాగితంలో ఉందంటండి."

చదవకుండానే పెట్టాను. సంతకం పెట్టమంటూ ఆసుపత్రి డాక్టరమ్మ అంత ప్రేమగా చెయ్యి పట్టుకుంటే, ఏముందని అడగబుద్ధి కాలేదు. అందరి ముందూ నిలబడి చెప్పిన సాక్ష్యం గుర్తొచ్చి కళ్ళు నిండాయి.

రైలు వచ్చింది. ఆయన చెయ్యి అందించబోయి, వెనక్కి తీసుకున్నారు.

"మీరే ఎక్కండమ్మా. నడిచింది మీ కాళ్ళేగా."

ఎక్కాను.

ఇప్పటికీ ఆ ఎక్సర్‌సైజులు మానలేదు. పేరు తెలియని ఆ పెద్దాయన కోసం రోజూ ప్రార్థిస్తాను. డాక్టరమ్మ పేరు దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఇంకా నోరు రాదు.