మాటు వేసిన సర్వ

జనగామలో మా వంటింటిని పడగొట్టి కొత్తగా కట్టించుకోబోతున్నాం. గిన్నెలు సర్దడానికి నేను అట్టపెట్టెలూ పాత పేపర్లూ తెచ్చుకుంటే అమ్మ కంటికి అవి ఆనలేదు. పాలు పోసే ఆయనతో వరిగడ్డి మోపు తెప్పించి వంటింటి మధ్యలో వేయించింది. ఆ మోపు విప్పగానే వచ్చిన వాసన, కాస్త ఎండదీ కాస్త మట్టిదీ కలిసిన ఆ పాత వాసన, నన్ను తిన్నగా రేగొండ దగ్గరి మా ఊరికి, మేం అక్కడి ఇల్లు వదిలిన రోజుకు తీసుకుపోయింది. కొందరికి చిన్నతనం తలచుకుంటే కడుపు నిండుతుందట. నాకు ఆ రోజు దగ్గరికి వచ్చేసరికి ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆ ఇంట్లో అమ్మమ్మ ఇచ్చిన పెద్ద ఇత్తడి సర్వ ఉండేది. ఎప్పుడో అడుగున చిల్లి పడితే, కళాయి వేయడానికి ఊళ్లోకి వచ్చినాయన చింతగింజంత రాగిముక్క పెట్టి మాటు వేశాడు. వానలు వెనకబట్టి చేనుగట్ల మీద తంగేడు పూసే రోజుల్లో, సద్దుల బతుకమ్మనాడు, బాపు గుమ్మంలో కూచుని గునుగు పూల కాడలు సమంగా కోస్తూ ఉంటే, అమ్మ వేడివేడి రొట్టెలు చిదిమి బెల్లం కలిపి ఆ సర్వలోనే మలీద పిసికేది. నేను మోచేతిదాకా చెయ్యి పెట్టి అడుగున అంటుకున్నదంతా గీక్కుని తినేదాన్ని. వేలికి మాటు గరుగ్గా తగిలిందంటే మలీద అయిపోయినట్టే.

"ఇగ గోకుడాపు బిడ్డా. పెద్దగైనంక గా సర్వ నీకే ఇస్త తియ్యి" అనేది అమ్మ. నేను ఆ మాట నమ్మాను. సర్వ నాదే అనుకుని, దాన్ని ఎవరైనా బాయి దగ్గరికి పట్టుకుపోతే వెనకాలే కాపలా పోయేదాన్ని.

బాపుకు మహబూబాబాద్‌లో బియ్యం మిల్లులో పని దొరికింది. అక్కడ మాకు దొరికింది ఒక్క గది, అందులో ఓ మూలే వంటిల్లు. అందుకని అమ్మ రోజూ వాడే గిన్నెలు మాత్రం ఉంచుకుని, ఇత్తడి సామానంతా చింతపండుతో తోమి, ఎండలో ఆరబెట్టి, గడ్డి చుట్టి, ఒకదాంట్లో ఒకటి అమర్చింది. ఒట్టి గిన్నె గడప దాటకూడదని మా ఇళ్లల్లో పట్టింపు. అందుకే ప్రతిదాంట్లో గుప్పెడు బియ్యం, సర్వలో బియ్యంతోపాటు ఒక పసుపు కొమ్ము వేసింది. అవన్నీ మా ఊళ్లోనే ఉన్న మా చిన్నమ్మ, అంటే అమ్మ సొంత చెల్లెలు, ఇంటి అటుక ఎక్కాయి. "నా పానం లెక్క చూస్కుంట అక్కా" అని చిన్నమ్మ అమ్మ రెండు చేతులూ పట్టుకుంది.

రెండు బతుకమ్మలు అల్యూమినియం గిన్నెలో మలీదతో గడిచాయి. ఆ తర్వాత చిన్నమ్మ మహబూబాబాద్ వచ్చి గదిలో అడుగుపెడుతూనే శోకం అందుకుంది. దొంగలు పడి అటుక ఊడ్చుకుపోయారట. కన్నీళ్లు కార్చడంలో చిన్నమ్మను మించినవాళ్లు మా వైపు లేరు. సామాను పోయింది మాది, ఓదార్చింది మా అమ్మ, చాయ తాగి పోయింది చిన్నమ్మ.

మరుసటి ఎండాకాలం చిన్నమ్మ బిడ్డ సరితక్క పెండ్లి. పందిట్లో చాప మీద పెండ్లి సామాను తళతళలాడుతోంది, ఆడవాళ్లు వరుసగా వచ్చి ఒక్కో గిన్నెలో దోసెడు బియ్యం పోస్తున్నారు. మధ్యలో ఉన్న సర్వను చూడగానే నేను దాని దగ్గరికి జరిగాను. ఎవరూ చూడకుండా చెయ్యి లోపల పెట్టాను. అడుగున, అదే చోట, చింతగింజంత గరుకు తగిలింది.

"అమ్మా, గిది మన సర్వనే! గిదో మాటు!"

పందిరంతా నా వైపు తిరిగింది. చిన్నమ్మ ముఖం ఎండిపోయింది. అమ్మ మాత్రం తడుముకోలేదు.

"మన దానికి మాటెక్కడిది బిడ్డా? ఊకె అబద్ధాలాడకు" అని, నా చెయ్యి పక్కకు లాగి, తన చేతులతోనే ఆ సర్వలో బియ్యం పోసింది.

అందరూ నవ్వారు. ఆ రోజు నుంచి చుట్టాల్లో నా పేరు అబద్ధాల పిల్ల. చెల్లెలి పరువు కాపాడిందనుకుందాం. అందుకు నా పరువే దొరికిందా? పోనీ, ఇంటికొచ్చాక తలుపు వేసుకుని మేమిద్దరమే ఉన్నప్పుడైనా ఒప్పుకుందా? ఎన్నిసార్లు అడిగినా అదే మాట: మన దానికి మాటు లేదు. చిన్నమ్మ తీసుకున్నది ఒక సర్వ. అమ్మ నా వేలి మీద నాకున్న నమ్మకాన్నే తీసేసుకుంది. పెద్దయ్యేకొద్దీ నిజంగానే నేను కల్పించి చెప్పానేమోనని అనుమానపడ్డాను కూడా.

చిన్నమ్మ ఇప్పుడు లేదు. సరితక్క మాత్రం జనగామలోనే, మా వెనక వీధిలో ఉంటుంది. వంటిల్లు పూర్తయ్యేదాకా సామాను వాళ్లింట్లోనే పెడదామని అమ్మే అంది. మళ్లీ వాళ్ల దగ్గరికేనా అని పళ్లు కొరుక్కున్నాను కానీ, వేరే చోటు లేదు. నిన్న పొద్దున సరితక్క పెద్ద నీలం ప్లాస్టిక్ టబ్బు మోసుకొచ్చింది. అమ్మ అలవాటుగా గుప్పెడు బియ్యం తీసి దాంట్లో వేయబోయింది.

"గింత మందం టబ్బు ఇప్పుడు యాడ దొర్కది చెల్లె" అంది సరితక్క నాతో. "నా పెండ్లికి మా అమ్మ పెట్టిన ఇత్తడి సర్వ లేదా, దాన్ని తోమలేక సచ్చిన. బండి మీదొచ్చిన పాత సామానాయనకు గది ఇచ్చి గిది తీస్కున్న."

అమ్మ చెయ్యి టబ్బు మీదే ఆగింది.

"మాటేసిన సర్వనేనా బిడ్డా?"

"ఆ, గదే పెద్దమ్మా. నీకింక యాదికున్నదా?"

ఊళ్లో ఆ ఇల్లు కూలిపోయింది, కళాయి వేసేవాళ్లు రావడం మానేశారు, సర్వ ఏ కొలిమిలో కరిగిందో తెలియదు. నేను అబద్ధాలాడలేదని చెప్పడానికి ఉన్న ఒక్క సాక్షి గుప్పెట్లో బియ్యంతో నా ముందే కూచుని ఉంది. నేను అమ్మ వైపు చూశాను. అమ్మ తల ఎత్తకుండా, టబ్బులోకే చూస్తూ ఉంది.