విఠల్ అంకుల్ టీమ్

విఠల్‌కు గెలుపు పిచ్చి అని కొందరన్నారు. ఆ పాపకు తగిలిన దెబ్బను ఆయన చూడనే లేదని మరికొందరు వెనకేసుకొచ్చారు. రెండూ నిజం కావు. 2006 నాటికి న్యూజిలాండ్‌లోని లోవర్ హట్‌లో ఏటా చలికాలానికి ముందు తెలుగువాళ్ల తలుపులు తట్టి, "రగ్బీల తలలు పగులుతయి వదినా, మా సాకర్ల ఆ భయమే లేదు" అని నచ్చజెప్పి పిల్లలను పోగుచేసే మనిషి ఆయన. వానకు నానిన గ్రౌండులో మోకాళ్లమీద కూర్చుని చిన్నవాళ్ల బూట్ల లేసులు తానే కట్టేవాడు. ఓడిన రోజున కూడా నారింజ ముక్కలు పంచేవాడు. అయినా పిల్లలు కాస్త ఎదగగానే బడి స్నేహితుల వెంట రగ్బీకి వెళ్లిపోయేవారు. ఆ శనివారం ఏడుగురే వచ్చారు. ఒకరు తగ్గినా ఆట ఆపేస్తారు. ఇంకొక్కసారి ఆగితే టీమును లీగ్ నుంచే తీసేస్తారు. ఆ ఏడుగురిలో ఒకతైన నవీన బంతి కోసం ఎగిరినప్పుడు ఆమె తల ఎదుటి టీము అమ్మాయి తలను ఢీకొంది. నవీన తూలుతూ మైదానం అంచు గీత దగ్గరికి వచ్చి, "అంకుల్, నాకు టూ బాల్స్ కనిపిస్తున్నయ్" అంది. విఠల్ ఆమె కళ్లలోకి పరీక్షగా చూశాడు. ఆ తర్వాత మైదానంలో మిగిలిన ఆరుగురి వైపు చూశాడు. "జర నీళ్లు తాగు బిడ్డా. నువ్వు రాకుంటే టీమే పోతది" అని భుజం తట్టి పంపాడు. కాసేపటికి, ఎవరూ తాకకుండానే, ఆమె నిలుచున్నచోట కూలిపోయింది. మళ్లీ సరిగా మాట్లాడటానికి ఏడాది పట్టింది. విఠల్ పిల్లలను ప్రేమించాడు. దెబ్బ తగిలిందని తెలిసే ఆ పిల్లను మళ్లీ ఆటలోకి పంపాడు.