బుధవారం వంతు: నేను తుడిచిన ఫోల్డరు

తిరుపతిలో ఒక అచ్చాఫీసులో ముప్పై ఏళ్ళు సీసపు అక్షరాలు పేర్చినవాణ్ణి. బడి ఎనిమిదో తరగతితో ఆగింది. ఆ పైన నేర్చుకున్నదంతా ప్రూఫులు దిద్దుతూ, నిఘంటువు తిరగేస్తూ నేర్చుకున్నదే. "ఈ వయసులో నీకెందుకప్పా ఇవన్నీ" అన్నవాళ్ళందరూ నాకు జ్ఞాపకమే. ఎవరు, ఎక్కడ నిలబడి అన్నారో కూడా.

రెండువేల సంవత్సరం దాటిన తర్వాత అచ్చాఫీసు మూతపడింది. నేనొక పాత కంప్యూటరు కొన్నాను. అందులో సొంత వికీ ఒకటి పెట్టుకున్నాను. వికీ అంటే ఏదో పెద్దది అనుకోనక్కరలేదు. మనమే రాసుకునే పుస్తకం. ఒక పేజీలో మాట మీద నొక్కితే దానికి సంబంధించిన ఇంకో పేజీ తెరుచుకుంటుంది, అంతే. మా వంశం, మా చేలు, ఎవరి బావి ఎవరు తవ్వించారు, అన్నీ రాశాను. పేజీల పక్కన ఫోటోలు, పాత కాగితాల బొమ్మలు ఎక్కించాను.

ఆ కాగితాల్లో ఒకటి మా వదినది. ఐరాల దగ్గర మా పల్లెలో, చనిపోయిన మా అన్న భాగానికి ఒక బావిలో వారానికి రెండు దినాల నీళ్ళ వంతు ఉంది, బుధవారం, గురువారం. తక్కిన అయిదు దినాలు మా దాయాదులవి. మా తాతల నాడు పెద్దమనుషులు కూర్చుని రాయించిన కాగితం అది. రిజిస్టరు కాలేదు. దాన్ని తిరుపతికి తెచ్చి, నెట్ సెంటరులో స్కాన్ చేయించి, ఫ్లాపీలో ఇంటికి తెచ్చుకుని వికీలో ఎక్కించాను. తర్వాత ఆ ఫ్లాపీ మీద వేరే ఏవో రాసుకున్నాను. కాగితాన్ని వదినకు తిరిగి ఇచ్చాను. మరుసటి సంవత్సరం ఆమె పెట్టెకు చెదలు పట్టి అది పొడి అయిపోయింది. ఆమె ఫోన్ చేసి ఏడిస్తే నేను నవ్వాను కూడా. "ఏడవొద్దు వదినా, బొమ్మ నా కాడ భద్రంగా ఉండాది" అన్నాను.

ఆ తర్వాత కొన్ని నెలలకు వికీకి కొత్త వెర్షను వచ్చింది.

మా పల్లెలో గాదెలో కొత్త వడ్లు పోసే ముందు పాత గింజ ఒక్కటి కూడా ఉండనీయరు. అంతా ఊడ్చి, పేడతో అలికి, ఎండనిచ్చి, వేపాకు పరిచి అప్పుడు పోస్తారు. పాతదాని మీద కొత్తది పోస్తే పురుగు పడుతుంది. నాకు తెలిసిన శుభ్రం అదే. పాత ఫోల్డరును మొత్తం తుడిచేశాను. చెత్తబుట్టను కూడా ఖాళీ చేశాను. ఆ ఖాళీలో కొత్త వికీ పెట్టాను. రాసిన మాటలన్నీ డేటాబేసులో ఉంటాయని చదివాను, అవి అక్కడే ఉన్నాయి కూడా. బొమ్మలు మాత్రం ఆ ఫోల్డరులోనే, లోపల ఇంకో చిన్న ఫోల్డరులో ఉండేవట.

వదిన పేజీ తెరిచాను. నేను టైపు చేసిన నకలు పూర్తిగా ఉంది. పక్కన బొమ్మ ఉండవలసిన చోట ఖాళీ చట్రం. దాని కింద "అసలు కాగితం, వేలిముద్రలతో" అని నా మాటే.

కంప్యూటరు రిపేరు అతను వచ్చి ఒక పూటంతా వెతికి, కొత్త ఫైళ్ళు పాతవాటి మీదే కూర్చున్నాయని, అవి ఇక రావని చెప్పి వెళ్ళిపోయాడు. నెట్ సెంటరులో ఉన్న స్కాన్‌ను ఏనాడో చెరిపేశారు.

నాకు ఇప్పటికీ కోపమే. ఇంటికి సున్నం కొట్టడానికి వచ్చినవాడు, ఇంట్లో ఉన్నవాడి ట్రంకుపెట్టెను గోడలో భాగం అనుకుంటాడా? సాఫ్ట్‌వేరు చేసినవాళ్ళది, మారుస్తారు, పారేస్తారు, వాళ్ళ ఇష్టం. ఎక్కించిన బొమ్మలు నావి. రెంటినీ ఒకే కప్పు కింద పెట్టమని ఎవరు చెప్పారు? ఎక్కించినవాటిని ముందు వేరేచోటికి తీసిపెట్టుకోమని సూచనల్లో ఒక వాక్యం ఉంది, లేదనను. ఎక్కడో అడుగున, తక్కిన వాక్యాల మధ్య. నేనైతే అలాంటి మాటను బొద్దు అక్షరాలతో మొదటి పేజీలో పేర్చేవాణ్ణి.

వేరే డిస్కు కొని, ఎక్కించే ఫైళ్ళు ఇకమీదట అక్కడికే పోవాలని వికీకి చెప్పడానికి నాకు మూడు దినాలు పట్టింది. మార్చవలసింది ఒక్క వరుస, ఫోల్డరు దారి. ఆ వరుస ఎక్కడుందో ఇంగ్లీషులో వెతికి పట్టుకోవడానికే మూడు దినాలు. ఇప్పుడు వికీని ఎన్నిసార్లు తుడిచినా బొమ్మలకు ఏమీ కాదు. అప్పటికి అందులో పెట్టడానికి బొమ్మలే లేవు.

ఆ ఎండాకాలం బావిలో నీళ్ళు అడుగంటాయి. దాయాది కొడుకు, నలభై దాటినవాడు, వదిన బుధవారం మోటారు ఆపేశాడు. ఆమెకు ఎకరం చెరకు నిలబడి ఉంది. నన్ను రమ్మని కబురు పెట్టింది. నకలును ప్రింటు తీసుకుని బస్సెక్కాను. బొమ్మ పోయిందని ఆమెకు బావికి పోయే దారిలో చెప్పాలనుకున్నాను. చెప్పలేకపోయాను.

బావి గట్టు మీద పదిమంది దాకా చేరారు. దాయాది కొడుకు కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది నువ్వు టైపు కొట్టిందే గదా చిన్నాయనా?"

"అసలుదాన్ని చూసి కొట్టినాను."

"అసలుది యాడుండాది?"

"చెదలు తినింది."

"కంప్యూటర్లో బొమ్మ ఉండాదని పెద్దమ్మ ఊరంతా సెప్పిందే! అది సూపించు."

వదిన నా ముఖంలోకి చూసింది. ఉందనే ఆమె నమ్మకం.

"లేదప్పా. నేనే తుడిచేసినాను" అన్నాను.

గట్టు మీద ఎవరో కిసుక్కున నవ్వారు. "చెదలే మేలబ్బా, ఆకలికి తినింది" అన్నాడొకడు. దాయాది కొడుకు ప్రింటును మడిచి నా చేతిలో పెట్టాడు. "ఇట్లాంటిది నేనూ కొట్టిస్తా చిన్నాయనా, ఏడు దినాలూ నాదేనని. ఒప్పుకుంటావా?"

ఒప్పుకోను. నా ముందు ఎవరైనా అలాంటి కాగితం పెడితే నేనూ అదే మాట అడుగుతాను.

సాయంత్రం దాకా మాటలు నడిచాయి. రెండు దినాలూ వదినవేనని నేను ఒట్టు పెట్టాను. మరిది ఒట్టుకు విలువేముందన్నారు. చివరికి వయసులో పెద్దాయన ఒకడు గురువారం ఒక్కటే ఆమెకు ఖాయం చేయించాడు. వదిన లేచి చెరకు దాకా పోయి వచ్చింది. తర్వాత సరేనంది. ఆ ఏడు సగం చెరకే నిలిచింది.

కొత్త కాగితం మూడు ప్రతులు రాయమని ఆమే పట్టుబట్టింది. ఒకటి తాను ఉంచుకుంది. రెండోది దాయాది కొడుకు చేతికే ఇచ్చింది.

"వానికెందుకు వదినా?" అన్నాను.

"వాని ఇంట్లో ఉంటే రేపు వాడు కాదనేదానికి లేదు గదా."

ముప్పై ఏళ్ళు అచ్చులో ఉండి, వికీ పెట్టి, డిస్కు కొని, నాకు తట్టని సంగతి అది. మూడోది నాకు ఇస్తుందనుకోలేదు. ఇచ్చింది. "బొమ్మ తీసి పెట్టప్పా" అని మాత్రం అంది. తిట్టి ఉంటే బాగుండేది.

తిరుపతికి వచ్చి స్కాన్ చేయించాను. బయటి డిస్కులో చేరిన మొదటి బొమ్మ అదే. అక్షరాలు, వేలిముద్రలు అన్నీ స్పష్టంగా కనిపిస్తాయి. బుధవారం గురించి అందులో ఒక్క మాట లేదు.