బర్రెతాడు సాక్ష్యం

ఛత్రినాక రేకుల చర్చిలో మాణిక్యమ్మ సాక్ష్యం చెప్పడానికి లేచిందంటే చంటిపిల్లల తల్లులు కూడా బయటికి పోయేవాళ్ళు కారు. దేవుడు తన బతుకులో ఏం చేశాడో నలుగురి ముందూ నిలబడి చెప్పుకోవడమే సాక్ష్యం. చాలామందికి జ్వరం తగ్గిందనో, కొడుకు పరీక్ష పాసయ్యాడనో ఉంటుంది. మాణిక్యమ్మది అలాంటి చిన్నాచితకా సాక్ష్యం కాదు. బాప్తిస్మం తీసుకున్నానని తెలిసి అన్న ఎల్లప్ప తనను బర్రెలు కట్టే తాడుతో కొట్టంలో గుంజకు కట్టేశాడని, మూడు రోజులు గుక్కెడు నీళ్ళివ్వలేదని, మూడోనాడు ప్రార్థన చేస్తుంటే ముడి దానంతటదే ఊడిపోయిందని చెప్పేది. ఆడవాళ్ళు కొంగుతో కళ్ళొత్తుకునేవాళ్ళు. మగవాళ్ళు బిగ్గరగా స్తోత్రం అనేవాళ్ళు.

ఆమె భర్త బాబురావు మాత్రం కథ సరిగ్గా తాడు దగ్గరికి వచ్చేసరికి, సైకిలుకి తాళం వేశానో లేదో అంటూ బయటికి వెళ్ళిపోయేవాడు. బస్సు డిపోలో మెకానిక్కు, మాటలు తక్కువ మనిషి. ఇరవై ఏళ్ళలో ఆ డొక్కు సైకిలు జోలికి ఒక్క దొంగ కూడా రాలేదు. ఆయన కాపలా మానలేదు.

ఎందుకంటే తాడు లేదు. ఎప్పుడూ లేదు. అలాగని మాణిక్యమ్మను అబద్ధాలకోరని అనెయ్యకండి, ముందు జరిగింది వినండి.

తల్లీతండ్రీ పోయిన పిల్లను ఎల్లప్పే పెంచాడు. ఆయనది పాల వ్యాపారం. మాణిక్యమ్మ రోజూ పొద్దున్నే చర్చి ఆవరణలో పాస్టరు అయ్యగారింటికి పాలు పోసేది. అదే ఆవరణలో ఉండే బాబురావు తల్లి ఆమెకు అక్షరాలు నేర్పింది, పాటలు నేర్పింది, చివరికి కొడుకునూ ఇచ్చింది. యాభై ఆరులో ఎల్లప్ప బర్రెలు కొనడానికి దూరపు సంతకు పోయిన వారంలోనే మాణిక్యమ్మ బాప్తిస్మం తీసుకుంది, పెళ్ళి చేసుకుంది, రెండు సందుల అవతల కాపురం పెట్టేసింది. అన్నకు ఒక్క ముక్క చెప్పలేదు. చెబితే ఏమంటాడోనని భయం. తిరిగొచ్చిన ఎల్లప్ప ఆదివారం చర్చి గేటు దగ్గర వట్టి చేతులతో నిలబడ్డాడు. ఆమె కిటికీలోంచి చూసి వెనక తలుపు గుండా జారుకుంది. మూడు ఆదివారాలు అలా నిలబడి, ఇక రావడం మానేశాడు. తర్వాత మేతకు బాగుంటుందని బర్రెల్ని తోలుకుని ఫలక్‌నుమా అవతలికి వెళ్ళిపోయాడు. జరిగింది ఇంతే.

మొదటి ఏడాది సాక్ష్యంలో "మా అన్నకు చెప్పకుంట వచ్చిన" అనే అంది. ముందు వరసలో పెద్దాయన ఒకరు జాలిగా "కొట్టి ఉంటాడే పాపం" అన్నాడు. ఆమె తల వంచుకుంది. ఆయన దాన్ని అవునన్నట్టే తీసుకున్నాడు. మరుసటి ఏడాది ఆయనే లేచి, "అన్న చేతిలో దెబ్బలు తిన్న మన సహోదరి ఇప్పుడు మాట్లాడుతుంది" అని పిలిచాడు. సంఘమంతా కళ్ళల్లో నీళ్ళతో చూస్తుంటే కాదని ఏ నోటితో చెబుతుంది? దెబ్బలన్నాక కర్ర ఉండాలి కాబట్టి కర్ర వచ్చింది. కర్ర పాతబడ్డాక తాడు వచ్చింది. చెప్పగా చెప్పగా మణికట్టు దగ్గర తాడు ఒరుసుకున్న మంట కూడా ఆమెకు నిజంగానే గుర్తుండేది.

డెబ్బై ఎనిమిది మే నెలలో అయ్యగారు పది రోజుల సేవాయాత్ర అని ప్రకటించారు. యాత్రంటే రైలెక్కి ఎక్కడికో పోతారనుకునేరు. ఫలక్‌నుమా స్టేషను అవతలి బస్తీకి. ఛత్రినాక నుంచి నడిస్తే గంట పట్టదు. అయినా ఇళ్ళకు రాకుండా అక్కడే ఉండి, పొద్దున పుండ్లు కడిగి కట్లు కట్టడం, ముసలీ ముతకకు గంజి పోయడం, మోరీల్లో మురికి ఎత్తడం, సాయంత్రం మైకు పెట్టి ప్రార్థన కూటం జరపడం. మొత్తం ఎనిమిది మంది. డిపోలో సెలవు దొరక్క బాబురావు రాలేదు. నర్సు రాజమణికి మందుల పెట్టె అప్పజెప్పారు, మాణిక్యమ్మకు గంజి గుండిగ. ఇన్నాళ్ళూ దేవుడి గురించి చెప్పడమే గానీ దేవుడి పని చేసింది లేదని మాణిక్యమ్మకు లోపల ఒక వెలితి ఉండేది. ఇదిగో ఇప్పుడు తీరుతుందని మహా సంబరంగా బయల్దేరింది. అన్న అటువైపే ఉంటాడని గుర్తు లేదా అంటే, ఉంది. అంత పెద్ద ఫలక్‌నుమాలో ఎదురుపడతాడా అనుకుంది.

బస్తీవాళ్ళు మొదట రానిచ్చేది లేదన్నారు. ఆ తర్వాత ఏమైందో, బస్తీ పెద్ద బీరయ్య తనే వచ్చి ఒక మేతకొట్టం ఖాళీ చేయించి ఇచ్చాడు. కొట్టం ఎవరిదని వీళ్ళలో ఒక్కరూ అడగలేదు.

మూడు రోజులు బాగానే గడిచాయి. పొయ్యి దగ్గర చెమటలు కక్కుతూ మాణిక్యమ్మ హాయిగా పాడుకుంది. నాలుగో సాయంత్రం ఆమె సాక్ష్యం. బస్తీ అంతా వచ్చి కూర్చుంది. ఎండాకాలం కాబట్టి జబ్బుపడ్డవాళ్ళ మంచాలు కూడా వాకిళ్ళలోనే ఉన్నాయి. మైకు గొంతు సందు చివరిదాకా పోతోంది. మాణిక్యమ్మ ఎప్పటికన్నా బాగా చెప్పింది. ఎప్పుడూ "మా అన్న" అని ఊరుకునేది, ఆ రోజు ఊపులో పేరు కూడా చెప్పేసింది. పాలోళ్ళ ఎల్లప్ప అంది. వాడి గుండె రాయి అంది.

ఎవరూ స్తోత్రం అనలేదు.

అందరూ తలలు తిప్పి సందు చివర ఒక ఇంటివైపు చూశారు. ఒక ముసలమ్మ కొంగు దులుపుకుని లేచింది. ఆమె వెనకే ఇంకొకరు, ఆ వెనక ఇంకొందరు. కథలో మూడోనాటి ముడి ఊడేసరికి మాణిక్యమ్మ ముందు తన ఏడుగురు తప్ప ఎవరూ లేరు. ఏం తప్పు మాట్లాడిందో ఆమెకు ఎంత ఆలోచించినా అంతు చిక్కలేదు. మర్నాడు పొద్దున గుండిగ నిండా గంజి కాచిపెడితే ఒక్క గిన్నె కూడా రాలేదు.

ఎండెక్కుతుంటే ఒక ఆడమనిషి వచ్చి పొయ్యి ఎదురుగా నిలబడింది. తల పూర్తిగా నెరిసింది గానీ ఆ నిలబడే తీరు చూడగానే మాణిక్యమ్మకు పై ప్రాణాలు పైనే పోయాయి. ఎల్లప్ప భార్య ఆండాలు.

"ఏ తాడే అది?" అంది ఆండాలు. కోపంగా కూడా అనలేదు.

"వదినా... నువ్వు గిక్కడ..."

"ఇక్కడ గాకుంటే ఏడుంటం. నువ్వు నాలుగు దినాల సంది పండుకుంటున్న కొట్టం మాదే. మిమ్ముల రానియ్యొద్దని బస్తోళ్ళంత లొల్లి జేస్తుంటే మీ అన్ననే బీరయ్యను పిలిచిండు. ఛత్రినాక చర్చోళ్ళు మంచోళ్ళు, మా చెల్లె అండ్లనే ఉన్నది, రానియ్యుండ్రి అన్నడు. నువ్వొచ్చినవని తొలి దినమే తెలిసింది. ఎవ్వరు పిలువొద్దు, తనంత తానే రావాలె అన్నడు. మూడు దినాలు తొవ్వ చూసిండు. నాలుగో దినం మైకుల వచ్చినవ్."

మాణిక్యమ్మ గరిటెను గుండిగ మీద అడ్డంగా పెట్టింది.

"నిన్ను తిట్టనీకి రాలే," అంది ఆండాలు. "ఆయనకు పచ్చవాతం వచ్చి రెండేండ్లాయె. అప్పటి సంది కొన్ని యాదికుంటయి, కొన్ని ఉండయి. రాత్రంత కన్ను మూయలే. కట్టిన్నా ఆండాలూ, నేను నిజంగ కట్టిన్నా అని ఒక్కటే అడుగుడు. లేదయ్యా, నువ్వు గప్పుడు సంతల ఉంటివి అంటే ఇంటలేడు. మాణిక్కెం అబద్ధం ఆడదు, నేనే మర్శిన అంటుండు. ఏడుస్తుండు. నువ్వొచ్చి జెప్పు."

తిట్టినా బాగుండేది. కొట్టినా బాగుండేది. ఇరవై రెండేళ్ళుగా తను చెబుతున్నదాన్ని నమ్మినవాళ్ళు చాలామంది ఉన్నారు. అందులో అన్న కూడా చేరతాడని ఆమె కల్లో కూడా అనుకోలేదు.

సందు చివరి ఇంటి వాకిట్లో వేపచెట్టు నీడన నులకమంచం. ఎల్లప్ప అంటే ఆమెకు తెలిసింది రెండు పాలబిందెలు రెండు చేతులా పట్టుకుని నడిచే మనిషి. మంచంలో ఉన్నది ఎముకల గూడు. ఎడమ చెయ్యి పక్కన పడి ఉంది. చెల్లెలిని చూసి లేవబోయి, లేవలేక ఊరుకున్నాడు.

"చెల్లె," అన్నాడు. మాట ముద్దముద్దగా వస్తోంది. "నీళ్ళన్న ఇయ్యలేదానే నేను?"

మాణిక్యమ్మ మంచం కోడు పట్టుకుని కూలబడింది.

"లేదన్నా. తాడు లేదు, ఏం లేదు. నువ్వు నా మీద చెయ్యి గూడ ఎత్తలే. నేను కల్పించి చెప్పిన."

ఎల్లప్ప కుడి చేత్తో ఆమె తల నిమిరాడు. "నా పానం నిమ్మలం గావాలని అంటున్నవ్. దేవుని పేరు దీసి మైకుల చెప్పింది అబద్ధమెట్లయితది? నాకే యాది లేదు. నన్ను మాఫ్ చెయ్యి బిడ్డా."

ఎంత చెప్పినా అదే మాట. ఒట్టేసింది. ఏడ్చింది. ఆమె ఏడ్చినకొద్దీ ఆయనకు తను చేసిన పాపం మీద నమ్మకం గట్టిపడింది. చివరికి ఆండాలే ఆమె రెక్క పట్టుకుని లేపింది.

కొట్టంలోకి వచ్చి మోకాళ్ళ మీద పడింది మాణిక్యమ్మ. ప్రార్థన చేద్దామంటే అలవాటైన మాటలే నోటికి వచ్చాయి. కట్లు విప్పిన దేవా అంటూ మొదలుపెట్టి ఠక్కున ఆగిపోయింది. దేవుడు చెయ్యని పనికి ఇరవై రెండేళ్ళు స్తోత్రాలు చెప్పింది. పోనీ, చేసిన పని ఏదైనా ఉందా అంటే, ఆయన మూడు ఆదివారాలు అన్నను గేటు దాకా పంపాడు. తను వెనక తలుపు తీసుకుని పోయింది. సిగ్గుతో ఆమెకు తల కొట్టేసినట్టయింది. ఇంతకాలం తను భక్తి అనుకున్నదాంట్లో తన గొంతు తప్ప ఇంకేమీ వినపడలేదు.

లేచి అయ్యగారి దగ్గరికి వెళ్ళి జరిగిందంతా చెప్పింది. ఈ సాయంత్రం మైకు కావాలంది. అయ్యగారు నోరెళ్ళబెట్టారు. ఆ సాక్ష్యాన్ని ఆయన నాలుగు చర్చిల్లో తన ప్రసంగాల్లో వాడుకున్నారు.

"అమ్మా, ఏకాంతంగా దేవుని ముందు ఒప్పుకుంటే చాలదా? ఇంకా ఐదు రోజుల పని ఉంది. బస్తీలో మన సాక్ష్యానికున్న విలువ పోతుంది."

"పోయింది అయ్యగారూ. పోయినట్టు మనకే తెల్వది. ఖాళీ మాటకు మా అన్న నమ్ముతలేడు. మైకుల చెప్తెనే నమ్ముతడు."

ఆయన గడ్డం గోక్కుని, చివరికి సరేనన్నారు.

సాయంత్రం బీరయ్యా ఇంకో ముగ్గురూ ఎల్లప్పను మంచంతో సహా మోసుకొచ్చి ముందు దించారు. ఈ చర్చి మనిషి ఇంకా ఏం కూస్తుందో విందామని బస్తీ అంతా వచ్చింది. మాణిక్యమ్మ మైకు అందుకుంది.

"నా పేరు మాణిక్యమ్మ. పాలోళ్ళ ఎల్లప్ప చెల్లెను. నిన్న నేను చెప్పింది అబద్ధం," అంది. "మా అన్న నన్ను కట్టలే. కొట్టలే. ఎళ్ళగొట్టలే. గా దినం ఆయన ఊర్లనే లేడు. నేనే చెప్పకుంట పోయిన. నన్ను పెంచినోడు చర్చి గేటు కాడ నిలవడితే ఎనక తలుపు నుంచి పోయిన. అందరు జాలి పడుతుంటే మంచిగనిపించింది. ఏటేటా ఇంత కలుపుకుంట పోయిన. దేవుని పేరు అడ్డం పెట్టుకుని మా అన్నను రాక్షసుని జేసిన. నేను చెప్పేటిది గింతే."

రాజమణి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తమ మాణిక్యమ్మేనా మాట్లాడుతున్నదని చర్చివాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఆండాలు మాత్రం మొగుడి ముఖంకేసి చూస్తోంది.

విన్నదాన్ని ఒక్కొక్కటే లోపలికి తీసుకుంటున్నట్టు ఎల్లప్ప పెదాలు కదిలాయి.

"కట్టలే," అన్నాడు మెల్లగా. "కొట్టలే. ఎళ్ళగొట్టలే."

"లేదన్నా."

ముడుచుకుపోయిన ఆ ముఖం కొంచెం కొంచెంగా తేటపడింది. నమ్మాడు. ఆండాలు గట్టిగా ఊపిరి వదిలింది. మాణిక్యమ్మ కూడా హమ్మయ్య అనుకోబోయింది. అప్పుడాయన కళ్ళెత్తి చెల్లెలినే చూస్తూ అడిగాడు.

"మరి ఇరవై రెండేండ్లు ఎందుకు రాలేదే?"

కోపం లేదు, దెప్పడం లేదు. తెలియక అడిగాడు. మైకు ఆమె నోటి దగ్గరే ఉంది. బస్తీ అంతా చూస్తోంది. ఛత్రినాకకూ ఈ మంచానికీ నడుమ గంట నడక.

"తెల్వదన్నా," అంది మాణిక్యమ్మ. మైకు రాజమణి చేతికిచ్చి, మంచం పక్కన నేల మీద కూర్చుంది.